అన్నం తగ్గి కూర పెరగాలి: తెలుగింటి భోజనంలో పంచదార, పిండిపదార్థాలు తగ్గించుకునే పద్ధతి

మన భోజనం ఎలా నడుస్తుందో ఒకసారి చూడండి. పప్పులోకి కాస్త అన్నం, కూరలోకి కాస్త, పచ్చడితో రెండు ముద్దలు, చారులోకి మరి కాస్త, చివర పెరుగులోకి ఇంకాస్త. ఆదరువు మారిన ప్రతిసారీ మళ్లీ అన్నం వడ్డించుకుంటాం. కూర బాగా కుదిరిందంటే దాని అర్థం ఆ రోజు నాలుగు ముద్దలు ఎక్కువ దిగాయనే. ఇలాంటి భోజనంలో అన్నం ఒక్కటే సగం చేసి లేస్తే సాయంత్రం నాలుగింటికల్లా కడుపు నకనకలాడుతుంది, చెయ్యి బిస్కెట్ డబ్బా మీదికి పోతుంది. వారం తిరక్కుండానే పాత లెక్కకు వచ్చేస్తాం. అన్నం ఖాళీ చేసిన చోటులోకి కూర, పప్పు, గుడ్డు, పెరుగు రావాలి. అవి రావాలంటే కూర వండే తీరు కూడా మారాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో సగాన్నే.

ఇక్కడ చెప్పేది అన్నం పూర్తిగా మానేసి నెయ్యి, కొబ్బరినూనె తాగే కీటో పద్ధతి కాదు. రోజుకు 300 గ్రాములు దాటే పిండిపదార్థాలను ఐదారు వారాల్లో 150–180 గ్రాములకు తెచ్చుకునే పద్ధతి. ఏళ్ల తరబడి చేయగలిగేది ఇదే.

ముందుగా, ఎవరు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకూడదు

షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే, డోసు అలాగే ఉంచి అన్నం తగ్గించడం ప్రమాదం. రక్తంలో షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండె దడ, కళ్లు తిరగడం దాని గుర్తులు. మీటర్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఆ సమయంలో డైట్ గురించి ఆలోచించకండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పిండిపదార్థాలు బాగా తగ్గించేస్తే, షుగర్ రీడింగ్ మరీ ఎక్కువ లేకపోయినా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని ఆసుపత్రి పాలయ్యే అవకాశం ఉంది. బీపీ మాత్రలు వాడేవాళ్లకు బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు చూసుకోవాలి. టైప్ 1 షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు సొంతంగా దీన్ని చేయకూడదు. ఎదిగే పిల్లలకు పంచదార తగ్గించండి, అన్నం తగ్గించకండి.

అసలు తగ్గాలా వద్దా అన్న అనుమానం ఉంటే నడుము కొలుచుకోండి. మన వాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్టలో కొవ్వు పేరుకుందని లెక్క. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు చూసే లెక్క) కూడా మనకు 23 దాటితే అధిక బరువే, 25 దాకా వెళ్లక్కర్లేదు.

మొదటి పని: మూడు రోజులు మార్చకుండా కొలవడం

వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి కొనండి. గ్రాము తేడా చూపించేది చాలు. మూడు రోజులు మామూలుగా తింటూనే, కంచంలో పెట్టుకున్న అన్నం ప్రతిసారీ తూచి రాసుకోండి. మారు వడ్డించుకున్నది కూడా. "నేను తినేది కొంచెమే" అనుకునే వాళ్లలో చాలామందికి మధ్యాహ్నం అన్నం 350 గ్రాములు దాటి ఉంటుంది. మీ ఇంటి అన్నం గరిటెతో ఒక గరిటెడు తూచి, ఆ అంకె గుర్తుపెట్టుకోండి. తర్వాత రోజూ త్రాసు అవసరం ఉండదు.

లెక్కకు కావాల్సిన అంకెలు ఇవి. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం, 130 కేలరీలు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి, అంటే 117 గ్రాముల పిండిపదార్థం. (అమెరికాలో ఉన్నవాళ్లు జాగ్రత్త: అక్కడి కొలత కప్పు 240 మిల్లీలీటర్లు. కుక్కర్ కప్పు పోయిందని దాంతో పోస్తే మూడో వంతు బియ్యం ఎక్కువ పడుతుంది.) మామూలు ఇడ్లీ ఒకదానిలో పిండిపదార్థం 10 నుంచి 12 గ్రాములు. 25 గ్రాముల పిండితో చేసిన పుల్కా 17 గ్రాములు. టీ చెంచాడు పంచదార 5 గ్రాములు, గుబురుగా తీస్తే ఏడు. మేరీ బిస్కెట్ ఒకటి నాలుగు.

ఇప్పుడు ఒక మామూలు రోజు వేసి చూద్దాం. మూడు కప్పుల కాఫీ, టీల్లో రెండేసి చెంచాలు 30, నాలుగు ఇడ్లీలు 45, మధ్యాహ్నం అన్నం 98, సాయంత్రం నాలుగు బిస్కెట్లు 16, రాత్రి 250 గ్రాముల అన్నం 70, ఒక అరటిపండు 25, పప్పు, కూరలు, పాలు, పెరుగు కలిపి 30. మొత్తం 314. మిఠాయి లేదు, కూల్‌డ్రింక్ లేదు, హోటల్ లేదు. ఎవరూ తప్పు పట్టని ఇంటి భోజనం ఇది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల నుంచి వచ్చేది మొత్తం కేలరీల్లో 45 శాతం దాటొద్దని చెప్పింది.

మొదటి రోజు ఉదయం పరగడుపున బరువు, బొడ్డు దగ్గర నడుము కొలత రాసి పెట్టుకోండి.

మొదటి వారం: పంచదార మాత్రమే

అన్నం ముట్టుకోకండి. ఒకేసారి అన్నీ మార్చినవాళ్లు ఒకేసారి అన్నీ వదిలేస్తారు.

కాఫీ, టీల్లో ఇప్పుడు వేసే పంచదారలో అర చెంచా తగ్గించండి. నాలుగైదు రోజులు నాలుక గొణుగుతుంది, తర్వాత అదే రుచి అలవాటవుతుంది. అప్పుడు ఇంకో అర చెంచా. రెండు చెంచాల నుంచి సున్నాకు రావడానికి మూడు వారాలు పడుతుంది. ఒక్కరోజులో మానేస్తే కాఫీ చేదుగా తోచి మూడో రోజే డబ్బా తీస్తారు. ఫిల్టర్ కాఫీ అయితే డికాషన్ కాస్త పలచన చేయండి, పంచదార లేకపోయినా చేదు గొంతు పట్టదు. టీలో అల్లం, యాలక్కాయ దంచి వేసి, ఆకు మరిగించే సమయం తగ్గిస్తే వగరు తగ్గుతుంది. వగరును కప్పడానికే మనం రెండో చెంచా వేస్తున్నాం.

బెల్లం మంచిదే కదా అన్న మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. బెల్లంలో కాస్త ఇనుము, ఖనిజాలు ఉన్న మాట నిజం. కానీ బరువు లెక్కలో అది పంచదారే. తాటిబెల్లం, తేనె, పటికబెల్లం, ఖర్జూరం పేస్టు కూడా అంతే. పంచదార మాని, అదే చేత్తో బెల్లం రెట్టింపు వేసుకునేవాళ్లు తగ్గకపోవడానికి కారణం ఇదే. తీపి మాత్రల మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. బరువు తగ్గడానికి వాటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. వాటితో నాలుక తీపికి అలవాటు పడే ఉంటుంది, మనకు కావాల్సింది ఆ అలవాటు తగ్గడం.

ఆ సంస్థే బయటి నుంచి వేసుకునే చక్కెరలు రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని చెబుతుంది. అంటే ఐదు చెంచాలు. 250 మిల్లీలీటర్ల కోలా ఒక్కటి తాగితే 26 గ్రాములు అయిపోతాయి. చెరకు రసం దానికంటే తక్కువేమీ కాదు. పండ్ల రసం ఇంట్లో తీసినా సరే, పీచు పోయి తీపి మాత్రం మిగులుతుంది. రసానికి మూడు బత్తాయిలు కావాలి, కూర్చుని ఒలుచుకుని తింటే ఒకటి చాలు.

పాలల్లో కలిపే పొడుల డబ్బాలు తిప్పి చదవండి. ఇలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్" వర్గంలో చూపించి అమ్మొద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పాల్సి వచ్చింది. ఏ ప్యాకెట్ మీదైనా పదార్థాల పేర్లు ఎక్కువ ఉన్న దానితో మొదలై తక్కువ ఉన్న దానితో ముగుస్తాయి. మొదటి మూడు పేర్లలో పంచదార, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ ఏదున్నా అది మిఠాయి కిందే లెక్క. "పంచదార కలపలేదు" అని రాసిన బిస్కెట్‌లో మైదా ఎలాగూ ఉంటుంది.

వంటల్లో దాగే తీపి కూడా ఒకటుంది. ముక్కల పులుసు, సొరకాయ పులుసు, గుమ్మడికాయ కూరల్లో బెల్లం వేస్తాం. ఎందుకు వేస్తున్నాం? చింతపండు ఎక్కువ పడింది కాబట్టి. పులుపు మూడో వంతు తగ్గించండి, బెల్లం దానంతటదే చిటికెడుకు వచ్చేస్తుంది. గుమ్మడి, ఉల్లిపాయల్లోని తీపి చాలు.

రెండో వారం: టిఫిన్

మన టిఫిన్లలో ఎక్కువ బియ్యం, రవ్వలతోనే నడుస్తాయి. పిండిని పూర్తిగా మార్చేయడం కంటే పాళ్లు మార్చడం తేలిక.

ఇడ్లీకి మినప్పప్పు ఒకటి, ఇడ్లీ రవ్వ రెండు వేస్తుంటే, ఒకటికి ఒకటిన్నరకు రండి. ఒకటికి ఒకటి కూడా చేయొచ్చు గానీ, అప్పుడు పప్పు రుబ్బేటప్పుడు నీళ్లు తగ్గించాలి. లేకపోతే ఇడ్లీ పొంగకుండా అరిసెలా పరుచుకుంటుంది. దోసెకు ఒకటికి మూడు బియ్యం బదులు ఒకటికి ఒకటిన్నర వేస్తే అట్టు కరకరలాడదు, మెత్తగా వస్తుంది, పెనానికి అంటుకుంటుంది. గుప్పెడు సగ్గుబియ్యమో అటుకులో వేయమని చెబుతారు, వేయొద్దు, వదిలించుకున్న పిండినే మళ్లీ తెచ్చుకున్నట్టు. దాని బదులు పెనం మీద నీళ్లు చిలకరించి తుడిచి, వేడి తగ్గాక పిండి వేసి, మూత పెట్టి మినపట్టులా కాల్చండి.

రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, రెండు ఉడికించిన గుడ్లు. ఇది కొత్త లెక్క. సాంబారులో ఇడ్లీ నానడం కాదు, ములక్కాడ, సొరకాయ, బెండకాయ ముక్కలు గరిటెకు తగలాలి. గుడ్డు తినకపోతే పల్లీ చట్నీ మూడు చెంచాలు, గ్లాసుడు మజ్జిగ.

నా మాట వింటే వారంలో నాలుగు రోజులు పెసరట్టు వేసుకోండి. దీనిలో బియ్యం అవసరమే లేదు, మన టిఫిన్లలో ఇంత మేలైనది ఇంకోటి లేదు. మనిషికి 50 గ్రాముల పొట్టు పెసలు, ఇంచుమించు నాలుగు టేబుల్ స్పూన్లు, రాత్రి నానబెట్టండి. ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. ఎండాకాలం ఎక్కువసేపు ఉంచితే మొలక ముక్కు వచ్చి పిండి జిగురు తగ్గుతుంది. పొద్దున నీళ్లు వంచేసి, అంగుళం అల్లం, ఇద్దరికి మూడు పచ్చిమిర్చి, అర చెంచా జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బండి. మరీ వెన్నలా రుబ్బకూడదు, వేళ్ల మధ్య రవ్వ తగిలీ తగలనట్టుండాలి. చాలా ఇళ్లలో కరకర కోసం గుప్పెడు బియ్యం వేస్తారు. అది మానేస్తే అట్టు తిప్పేటప్పుడు విరుగుతుంది. అందుకు రెండు జాగ్రత్తలున్నాయి. పిండి దోసె పిండి కంటే గట్టిగా, గరిటె నుంచి ముద్దగా జారేలా ఉంచండి. పెనం మీద పరిచాక సన్నగా తరిగిన ఉల్లిపాయ చల్లి, చుట్టూ అర చెంచా నూనె వేసి, మధ్యస్థ మంట మీద అంచులు వాటంతటవే లేచేదాకా ముట్టుకోకండి. అంచు లేవకముందే అట్లకాడ దూర్చడం వల్లే పెసరట్టు చిరుగుతుంది. పిండి పులియబెట్టొద్దు, ఏ పూటది ఆ పూటే. ఇలా వేసిన రెండట్లలో దాదాపు 11 గ్రాముల ప్రోటీన్, బోలెడు పీచు ఉంటాయి. మధ్యలో ఉప్మా పెట్టి మడిస్తే మాత్రం ఇంకో 25–30 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లిపోతుంది. ఉప్మా పెసరట్టు పండక్కి ఉంచుకోండి.

ఉప్మా రోజు 40 గ్రాముల రవ్వకు 150 గ్రాముల కూరగాయ ముక్కలు వేయండి. రాగి జావ తాగేవాళ్లు 20 గ్రాముల పిండి, మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయతో ఆగండి. బెల్లం వేసిన జావ తీపి పానీయమే. పూరీ, మైసూరు బజ్జీ, పునుగుల గురించి వేరే చెప్పక్కర్లేదు.

మూడు, నాలుగు వారాలు: మధ్యాహ్న భోజనం

అసలు పని ఇక్కడే ఉంది. కంచంలో అన్నం పావు వంతు తగ్గించండి. నాలుగైదు రోజులకు మళ్లీ పావు. అలా 120 గ్రాములకు, అంటే చిన్న టీ కప్పుడు వండిన అన్నానికి రావాలి. ఒళ్లు వంచి పని చేసేవాళ్లు 180 దగ్గర ఆగొచ్చు.

తినే వరస మార్చండి. ముందు కూర. ఒట్టి కూర, అన్నం లేకుండా, గిన్నెడు. దాంతో పాటు గుడ్డో, చేప ముక్కో, పనీరో. కడుపులో సగం చోటు నిండాక అప్పుడు అన్నం. కూరగాయలు, ప్రోటీన్ ముందు వెళ్తే తర్వాత తిన్న అన్నం వల్ల షుగర్ అంత వేగంగా పెరగదు. దానికంటే ముఖ్యంగా, అప్పటికే ఆకలి సగం తీరి ఉంటుంది కాబట్టి మారు అన్నం అడగాలనిపించదు.

120 గ్రాముల అన్నాన్ని ముందే రెండు భాగాలు చేయండి. 70 గ్రాములు పప్పులోకి, 50 గ్రాములు పెరుగులోకి. ఎక్కువమంది తప్పేది పెరుగు దగ్గరే. అన్నం అంతా పప్పుతో, పచ్చడితో అయిపోతుంది, పెరుగన్నం తినకపోతే భోజనం ముగిసినట్టనిపించదు, "రెండు ముద్దలు" అంటూ ఇంకో 100 గ్రాములు పడుతుంది. అందుకే పెరుగు వాటా మొదటే కంచంలో ఓ పక్కన పెట్టుకోండి. దానిలోకి 150 గ్రాముల పెరుగు, తురిమిన కీరదోసకాయ కలిపితే ముద్దలు కనిపించేంత అవుతుంది. చారు గ్లాసులో పోసుకుని తాగండి, అన్నం అక్కర్లేదు. పచ్చడి వేలితో నంజుకునేంత. ఆవకాయతో అన్నం కలిపితే ఎవరికీ నాలుగు ముద్దలతో ఆగదు, అది మన బలహీనత అని ఒప్పుకుని ఆదివారానికి పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు కూర సంగతి. మన కూరల్లో ఉప్పు, కారం అన్నంలో కలుపుకునే లెక్కన పడతాయి. అన్నం తగ్గించి అదే కూర గిన్నెడు తింటే నాలుక మండుతుంది, దాహం వేస్తుంది, బీపీ ఉన్నవాళ్లకు పెరుగుతుంది. నలుగురికి చేసిన కూరలో చెంచాన్నర ఉప్పు వేస్తే మనిషి వాటాకు రెండు గ్రాములు పైనే. కూర రెట్టింపు తింటే ఆ ఒక్క కూరతోనే నాలుగున్నర. రోజు మొత్తానికి హద్దు 5 గ్రాములు. కాబట్టి కూర మోతాదు పెంచిన రోజే ఉప్పు, కారం మూడో వంతు తగ్గాలి. దించాక నిమ్మరసం పిండితే తగ్గిన ఉప్పు తెలియదు.

క్యాబేజీ పెసరపప్పు కూరతో మొదలుపెట్టండి. నలుగురికి 800 గ్రాముల క్యాబేజీ, 80 గ్రాముల పెసరపప్పు. పప్పు అరగంట నానబెట్టండి. నాలుగు టీ చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, అల్లం, పచ్చిమిర్చి తరుగు వేయండి. వంపిన పప్పు, పావు గ్లాసు నీళ్లు వేసి ఐదు నిమిషాలు మూత పెట్టండి. గింజ నొక్కితే చితకాలి, పేస్టు కాకూడదు. అప్పుడు క్యాబేజీ వేసి, మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు. ఉప్పు చివరి రెండు నిమిషాల్లో, చెంచాడు. ముందే వేస్తే క్యాబేజీ నీరు వదిలి కూర జావలా అవుతుంది. ఆ నీరు పీల్చడానికి పుట్నాల పొడో శనగపిండో చల్లుతాం, కొత్త పిండి వచ్చి చేరుతుంది. రెండు చెంచాల కొబ్బరి, నిమ్మచెక్క రసం వేసి దించేయండి. ఇదే పద్ధతి బీన్స్, గోరుచిక్కుడు, పొట్లకాయకు కూడా.

దొండ, బెండ, వంకాయ, బీర, సొర, కాకర, ఆకుకూరలు ఎంత తిన్నా పరవాలేదు, నూనె ఒక్కటే చూసుకోవాలి. నలుగురి కూరలో నాలుగు చెంచాలు హద్దు. బంగాళాదుంప, చేమదుంప, కంద, పచ్చి అరటికాయ మాత్రం కూరగాయలు అనుకోవద్దు, వాటిని అన్నం ఖాతాలో రాయండి. ఆలుగడ్డ వేపుడు ఉన్న రోజు అన్నం ఇంకా తగ్గాలి.

పప్పు గట్టిగా చేయండి. నలుగురికి 100 గ్రాముల కందిపప్పు ఉడికించి నీళ్లు పోసి సాగదీస్తే మనిషికి అందేది ఐదారు గ్రాముల ప్రోటీనే. 160 గ్రాముల పప్పు, 400 గ్రాముల తోటకూరో పాలకూరో వేస్తే వాటాకు పది పదకొండు గ్రాముల దాకా వస్తుంది. ఒక్కో పూటకు 20 గ్రాముల ప్రోటీన్ చేరిస్తే ఆకలి అదుపులో ఉంటుంది, కండ కరగదు. గుడ్డు ఒకటి 6 గ్రాములు, 100 గ్రాముల చికెన్ లేదా చేప 20 దగ్గర, 100 గ్రాముల పనీర్ 18, 200 గ్రాముల పెరుగు ఆరేడు. శాకాహారులకు చవకైన దారి మీల్‌మేకర్. ఎండువి 30 గ్రాములు నానబెట్టి పిండి కూరలో వేస్తే 15 గ్రాములు వచ్చేస్తుంది. వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, రెండుసార్లు గట్టిగా పిండకపోతే పచ్చివాసన పోదు, ఇంట్లో వాళ్లు ముట్టరు.

బియ్యం రకం మారిస్తే చాలదా? దంపుడు బియ్యంలో పీచు ఎక్కువ, తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) షుగర్‌ను కాస్త నెమ్మదిగా పెంచుతుందని పేరు. రెండూ మంచివే. కానీ గ్రాముకు కేలరీలు దాదాపు అంతే, కప్పు పెరిగితే బరువు తగ్గదు. కొర్రలు, జొన్నలు, రాగులకూ ఇదే మాట. 100 గ్రాముల గింజల్లో 60 నుంచి 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. వాటిలోని పీచు వల్ల తక్కువతో కడుపు నిండుతుంది, ఆ మేలు వాడుకోవాలంటే తక్కువే తినాలి. గంజి వార్చడం వల్ల కొంత పిండి పోతుంది, దానితో పాటు బి విటమిన్లు కూడా పోతాయి, అన్నం సగమైనట్టు మాత్రం కాదు.

ఐదో వారం: సాయంత్రం, రాత్రి

నాలుగింటి ఆకలిని ముందే పట్టుకోవాలి. 30 గ్రాముల శనగలు లేదా బొబ్బర్లు పొద్దునే ఉడికించి, పోపు పెట్టిన గుగ్గిళ్లు డబ్బాలో పెట్టుకోండి. లేదా ఒక జామకాయ, గుప్పెడు పల్లీలు. గుప్పెడంటే 30 గ్రాములు, 170 కేలరీలు. టీవీ ముందు సంచి పెట్టుకుంటే మూడు గుప్పెళ్లు తెలియకుండా అయిపోతాయి.

రాత్రి చపాతీ తింటున్నాం, అయినా తగ్గడం లేదనేవాళ్లు పిండి తూచండి. 40 గ్రాముల పిండితో నూనె వేసి కాల్చిన చపాతీలు నాలుగు తింటే 110 గ్రాముల పిండిపదార్థం, 400 గ్రాముల అన్నంతో సమానం. పైగా నూనె. రెండు చిన్న పుల్కాలు, గిన్నెడు కూర, గుడ్డు పొరటు లేదా పప్పు ఉంటే చాలు. అన్నమే కావాలంటే అదే 120 గ్రాములు, అందులో తప్పేం లేదు. ఎనిమిది లోపు తినేయండి, పడుకునే ముందు పాలల్లో పంచదార వద్దు.

చికెన్ వండిన రోజు మనిషికి 200 గ్రాముల ముక్కలు, 100 గ్రాముల అన్నం. బిర్యానీ అయితే ముందు ముక్కలు, రైతా తినేసి, రైస్ గరిటెన్నరతో ఆపండి. పెళ్లిళ్లు, పండగలకు ఒక స్వీటు, అది కూడా భోజనం చివర. బూరె తిన్న రోజు అన్నం వద్దనుకోండి, అంతేగాని మర్నాడు ఉపవాసం చేయకండి. ఉపవాసం చేసిన రాత్రి తినే తిండికి లెక్క ఉండదు.

ఇబ్బందులు వచ్చినప్పుడు

మొదటి వారంలో కిలో, రెండు కిలోలు తగ్గితే అది కొవ్వు కాదు. ఒంట్లో నిలవ ఉండే పిండిపదార్థం (గ్లైకోజెన్) గ్రాముకు మూడు గ్రాముల నీరు పట్టుకుని ఉంటుంది, పిండిపదార్థం తగ్గగానే అది దిగిపోతుంది. అలాగే ఒక పెళ్లి భోజనం తర్వాత కిలో పెరిగితే అది కూడా నీరే, భయపడి అంతా వదిలేయకండి. ఆ తర్వాత వారానికి అర కిలో తగ్గితే చక్కగా నడుస్తున్నట్టు. వారానికి ఒకసారే, అదే రోజు, అదే సమయానికి తూగండి.

తలనొప్పి, నీరసం, రాత్రి పిక్కలు పట్టేయడం మొదటి పది రోజుల్లో వస్తే ఆ నీటితో పాటు ఉప్పు కూడా పోతోందని గుర్తు. రోజుకు రెండు గ్లాసుల పలచని ఉప్పు మజ్జిగ తాగండి (బీపీ, గుండె, కిడ్నీ ఇబ్బంది ఉంటే డాక్టర్‌ని అడిగి). మలబద్ధకం వస్తే మీరు అన్నం తగ్గించారు గానీ కూర పెంచలేదని అర్థం. రోజుకు 400 గ్రాముల కూరగాయలు అందుతున్నాయో లేదో తూచి చూడండి. పప్పులు, గుగ్గిళ్లతో గ్యాస్ పడితే ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఇంగువ వేసి ఉడికించండి, మోతాదు నెమ్మదిగా పెంచండి. పదకొండింటికి కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే టిఫిన్‌లో ప్రోటీన్ చాల్లేదు, గుడ్డు కలపండి. జుట్టు రాలడం, బాగా నీరసించడం కనిపిస్తే మరీ ఎక్కువ తగ్గించేశారు.

మూడు వారాల పాటు బరువు, నడుము రెండూ కదలకపోతే మళ్లీ మూడు రోజులు త్రాసు తీయండి. ఎక్కువసార్లు దొరికే దొంగలు నాలుగే: చెయ్యి జారిన నూనె, పల్లీలు, పిల్లలు వదిలేసిన ముద్దలు, "కొంచెం" పెరుగన్నం. ఇవేవీ లేకపోతే అప్పుడు అన్నం ఇంకో 30 గ్రాములు తగ్గించండి. నడుము తగ్గుతూ బరువు ఆగితే మాత్రం ఏమీ మార్చకండి.

అనుకున్న బరువుకు వచ్చాక అన్నం ఒక పూటకు 50 గ్రాములు కలిపి రెండు వారాలు చూడండి. తూకం నిలబడితే ఇంకో 50. పెరగడం మొదలైన చోట ఒక మెట్టు వెనక్కి వచ్చి, ఆ కొలతకు సరిపడే కప్పు ఒకటి ఎంచుకుని అన్నం గిన్నెలో గరిటె బదులు ఆ కప్పే ఉంచండి.